అమ్మకానికి ముందు జాబితా
ఆటోనగర్‌లో మరణించిన వృత్తిదారుల సామాను గురించి ఒక బహిరంగ లేఖ

విశాఖపట్నం జిల్లా న్యాయసేవాధికార సంస్థ అధ్యక్షులు,
ప్రధాన జిల్లా న్యాయమూర్తి గారి సన్నిధికి

విషయం: వారసత్వం తేలకముందే జరిగే సామాను అమ్మకాల్లో కుటుంబాలకు, పనివారికి, ఖాతాదారులకు నష్టం రాకుండా చేయవలసిన ఏర్పాటు.



ఒక మనిషి కన్నుమూసిన రోజుకూ, అతని ఆస్తి ఎవరికి చెందుతుందో చట్టప్రకారం తేలే రోజుకూ మధ్య నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరాలు గడుస్తాయి. ఆ మధ్యకాలంలో అతని సామానును ఎవరు కాపాడాలి, ఎవరు అమ్మవచ్చు, అమ్మగా వచ్చిన సొమ్ము ఎవరి చేతిలో ఉండాలి అనే ప్రశ్నలకు 1925 నాటి భారత వారసత్వ చట్టం, దానితోపాటు మరికొన్ని చట్టాలు సమాధానాలు చెబుతూనే ఉన్నాయి. అయితే ఆ సమాధానాలు అవసరమైన చోటికి అవసరమైన వేళకు చేరడం లేదన్నదే ఈ లేఖ రాయడానికి కారణం. ఇది ఏ న్యాయస్థానంలోనూ విచారణలో ఉన్న ఏ వ్యాజ్యం గురించీ కాదు. వీలునామాలు, వారసత్వాలకు సంబంధించిన దరఖాస్తులు వినే అధికారమూ, ఉచిత న్యాయసహాయాన్ని ప్రజల గడపకు చేర్చే బాధ్యతా జిల్లాలో ఒకే పదవిలో కలిసి ఉన్నందువల్ల ఈ విన్నపం తమ సన్నిధికే చేరుతోంది.

ఆటోనగర్ పరిస్థితి తక్కిన పేటల పరిస్థితి వంటిది కాదు. 1933లో నౌకాశ్రయం తెరుచుకున్న తరువాత విశాఖలో సరుకు రవాణా పెరిగింది; 1971లో శంకుస్థాపన జరిగి 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం గాజువాక ప్రాంతాన్ని పనిముట్ల నేలగా మార్చింది. లారీల మరమ్మతు, బాడీ కట్టడం, గేరుబాక్సులు విప్పి బిగించడం, పెద్ద కర్మాగారాలకు కావలసిన చిన్న విడిభాగాలను లేత్ మీద తీయడం, ఫ్యాబ్రికేషన్, గ్యాస్ కటింగ్ వంటి పనులతో బతికే యూనిట్లు ఇక్కడి బ్లాకుల్లో కిక్కిరిసి ఉన్నాయి. వీటిలో చాలా భాగం ఒకే యజమాని పేరుమీద నడిచేవి. ఆ యజమానే తరచుగా షెడ్డులో మొదటి పనివాడు కూడా. అతని జీవితకాలపు సంపాదన బ్యాంకు ఖాతాలో కన్నా షెడ్డులోని ఇనుములోనే ఎక్కువగా ఉంటుంది. అందువల్ల ఇక్కడ వారసత్వం అన్న మాటకు పొలం, ఇల్లు కన్నా ముందుగా గుర్తుకు వచ్చే అర్థం సామాను.

అటువంటి షెడ్డు షట్టరు ఎత్తి చూస్తే, లోపల ఉన్నదంతా చనిపోయినవాడిది కాదని మొదటి చూపులోనే తెలుస్తుంది. మూలన విప్పి పెట్టిన గేరుబాక్సు మీద సుద్దముక్కతో రాసిన లారీ నంబరు ఉంటుంది; అది ఖాతాదారుది. గోడవారగా పేర్చిన ఇనుప కడ్డీలు జాబ్ వర్కు కోసం ఏదో కంపెనీ పంపినవి. మజూరీ మాత్రమే షెడ్డుది, ముడిసరుకు కంపెనీది. మధ్యలో నిలిచిన లేత్ మిషను యజమానిదే గాని, దాన్ని హామీగా చూపి తెచ్చిన అప్పు బ్యాంకు పుస్తకాల్లో ఇంకా తీరలేదు. బల్లకింది స్పానర్ల పెట్టె హెల్పరు సొంతంగా కొనుక్కున్నది. ఇవన్నీ పోగా మిగిలినదే వారసత్వపు సామాను. ఒక పని నిమిత్తం, ఆ పని పూర్తయ్యాక తిరిగి ఇవ్వాలన్న ఒప్పందంపై వస్తువును మరొకరికి అప్పగించడాన్ని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 148వ సెక్షను బెయిల్‌మెంటు అంటుంది. అలా అప్పగించిన వస్తువు మీద యాజమాన్యం అప్పగించినవారిదే కాబట్టి, పుచ్చుకున్నవాడు మరణించినంత మాత్రాన అది అతని వారసులది కాదు. మరమ్మతుకు రావలసిన మజూరీ మేరకు వస్తువును నిలిపి ఉంచుకునే హక్కు అదే చట్టం 170వ సెక్షను కింద ఉండవచ్చు గాని, దాన్ని తుక్కుకు అమ్మే హక్కు దానివల్ల రాదు.

ఈ సామానుకు కాలం శత్రువు. సముద్రపు ఉప్పుగాలి తగిలే ఈ నగరంలో నూనె పూయని లేత్ బెడ్డు ఎంతోకాలం నిగనిగలాడదు. చక్కు దవడలు బిగుసుకుపోతాయి, లీడ్ స్క్రూ మీద తుప్పు పట్టు కడుతుంది, మోటారు చుట్ట తేమ పీలుస్తుంది. షెడ్డు అద్దెదైతే నెలనెలా అద్దె, కరెంటు కనెక్షనుకు కనీస చార్జీ, తెచ్చిన అప్పు మీద వడ్డీ ఆగకుండా పెరుగుతాయి. అలాగని తొందరపడి అమ్మడమూ అంతే నష్టం. నడుస్తున్న లేత్‌కు ధర దాని పనితనాన్ని, కచ్చితత్వాన్ని బట్టి ఉంటుంది. ఆగిపోయిన లేత్‌కు ధర కిలోల లెక్కన ఉంటుంది. కరెంటు ఉండగా, ఆ మిషను మీద పనిచేసిన చేయి పక్కన ఉండగా, కొనేవాడి ఎదుట ఒక కడ్డీ తిప్పి చూపించి అమ్మితే వచ్చే మొత్తానికీ, షట్టరు మూసి కొన్ని నెలలు గడిచాక తుక్కు కొట్టుకు తూచి ఇస్తే వచ్చే మొత్తానికీ పొంతన ఉండదు. ఆ తేడా అంతా ఆ ఇంటి పిల్లల చదువు, ఆ ఇంటి అప్పుల విముక్తి.

ఇక్కడ కొన్ని మాటలకు అర్థాలు చెప్పుకోవడం అవసరం. వీలునామా నిజమైనదేనని విచారించి, దాని నకలు మీద న్యాయస్థానం తన ముద్ర వేసి, ఆస్తిని నిర్వహించే అధికారంతో సహా ఇచ్చే పత్రం ప్రొబేట్. వీలునామాలో రాసినవాడు తన కోరికను అమలు చేయమని పేరు పెట్టి నియమించిన వ్యక్తి ఎగ్జిక్యూటర్. ప్రొబేట్ అతనికే ఇస్తారు. వీలునామా లేనప్పుడు, లేదా ఉన్నా ఎగ్జిక్యూటర్ లేనప్పుడు, ఆస్తి నిర్వహణ కోసం న్యాయస్థానం ఇచ్చే పత్రాలు లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్. వాటిని పొందినవారు అడ్మినిస్ట్రేటర్. సక్సెషన్ సర్టిఫికెట్ వీటికి భిన్నమైనది: చనిపోయినవారికి రావలసిన బాకీలను, బాండ్లు, షేర్ల వంటి సెక్యూరిటీలను వసూలు చేసుకోవడానికే అది పనికివస్తుంది గాని లేత్ మిషనుకో వెల్డింగ్ సెట్టుకో అది యాజమాన్యపత్రం కాదు. తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కుటుంబ సభ్యులెవరో చెబుతుంది. ఎవరికి ఎంత వాటా వస్తుందో తేల్చదు.

హిందువుల వీలునామాలకు ప్రొబేట్ తప్పనిసరి అన్న నిబంధన పుట్టింది బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నరు ఏలిన ప్రాంతాలకూ, మద్రాసు, బొంబాయి హైకోర్టుల ఒరిజినల్ సివిల్ అధికార పరిధికీ గాని, విశాఖపట్నం జిల్లాకు కాదు. వీలునామా లేకుండా మరణించిన హిందువులు, ముస్లిములు, భారతీయ క్రైస్తవుల వారసులు లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ లేకుండానే తమ హక్కును స్థాపించుకోవచ్చునని భారత వారసత్వ చట్టం 212వ సెక్షను చెబుతోంది. అందుచేత ఆటోనగర్‌లో చాలా కుటుంబాలు న్యాయస్థానం మెట్లెక్కకుండానే సామాను పంచుకుంటాయి, అమ్ముకుంటాయి. అందరూ సమ్మతిస్తే అందులో తప్పు లేదు. అయితే న్యాయస్థానం ప్రమేయం లేకపోవడంతో పాటు, న్యాయస్థానం అడిగే జాబితా, లెక్క, జవాబుదారీ కూడా లేకుండా పోతున్నాయి. ప్రొబేట్ గాని లెటర్స్ గాని పొందినవారు 6 నెలల్లో ఆస్తి జాబితాను, సంవత్సరంలో జమాఖర్చుల లెక్కను న్యాయస్థానానికి దాఖలు చేయాలని 317వ సెక్షను ఆదేశిస్తుంది. పత్రం అక్కరలేని కుటుంబానికి ఆ పత్రంతో వచ్చే క్రమశిక్షణ అక్కరలేదని అనుకోవడమే అసలు పొరపాటు.

మధ్యకాలంలో జరిగిన అమ్మకం చెల్లుతుందా అన్నదానికి చట్టం ఇచ్చిన సమాధానం సూక్ష్మమైనది. ఎగ్జిక్యూటర్ అధికారం వీలునామా నుంచే వస్తుంది కాబట్టి, ప్రొబేట్ మంజూరైన తరువాత అంతకుముందు అతను ఆ హోదాలో చేసిన పనులన్నీ చెల్లుబాటవుతాయని 227వ సెక్షను అంటుంది. అడ్మినిస్ట్రేటర్ విషయంలో అంత వెసులుబాటు లేదు: మరణించిన మరుక్షణం నుంచే అధికారం ఉన్నట్టు 220వ సెక్షను భావించినా, ఆస్తిని తగ్గించే లేదా పాడుచేసే మధ్యకాలపు పనులను లెటర్స్ చెల్లుబాటు చేయవని 221వ సెక్షను వెంటనే హద్దు గీసింది. వీరిద్దరిలో ఎవరూ కానివారు సామానులో చేయిపెట్టి అమ్మినా, పంచినా, వాడుకున్నా 303వ సెక్షను వారిని తమ తప్పిదంవల్ల ఎగ్జిక్యూటరైనవారిగా పరిగణిస్తుంది. చేతికి వచ్చిన ఆస్తి మేరకు అసలు నిర్వాహకులకు, అప్పులవారికి వారు జవాబు చెప్పుకోవాలి. అంత్యక్రియల కోసం గాని, సామానును కాపాడటం కోసం గాని, కుటుంబానికి తక్షణం కావలసిన వాటి కోసం గాని చేసిన పనికి ఈ దోషం అంటదని అదే సెక్షను మినహాయించింది. తాళం వేయడం, నూనె పూయించడం, కాపలా పెట్టడం నేరం కాదని దీని భావం. దురుద్దేశంతో కాజేయడం మాత్రం నేరమే: మరణించినవారి స్వాధీనంలో ఉన్న వస్తువును, దానికి హక్కుదారైనవారు స్వాధీనం చేసుకోకముందే మోసపూరితంగా సొంతం చేసుకున్నవారికి భారతీయ న్యాయ సంహిత 315వ సెక్షను 3 సంవత్సరాల వరకు, ఆ పని చేసినది మరణించినవారి గుమాస్తా లేదా నౌకరు అయితే 7 సంవత్సరాల వరకు ఖైదు విధించవచ్చునంటుంది.

వీలునామా లేని హిందూ కుటుంబంలో, మరణించిన పురుషుడి సొంత ఆస్తి భార్యకు, తల్లికి, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటాలుగా ఏకకాలంలో సంక్రమిస్తుందని 1956 నాటి హిందూ వారసత్వ చట్టం చెబుతోంది. పెళ్లై వేరే ఊళ్లో ఉన్న కూతురికి షెడ్డులోని ప్రతి స్పానరులోనూ, షెడ్డులో తండ్రి పక్కన పనిచేసిన కొడుకుకున్నంత వాటా ఉంది. ఈ మాట వినడానికి తేలికగా ఉన్నా, ఆచరణలో తాళంచెవి ఎవరి చేతిలో ఉంటే అధికారం వారిదే అవుతోంది. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 28వ సెక్షను ఇక్కడ చాలామందికి తెలియని ప్రమాదాన్ని తెచ్చిపెడుతుంది: ఉమ్మడి యజమానుల్లో ఒకరు, తక్కినవారి అనుమతితో వస్తువును ఒంటరిగా స్వాధీనంలో ఉంచుకుని అమ్మితే, హక్కు లోపం తెలియకుండా సద్భావంతో కొన్నవారికి యాజమాన్యం దక్కుతుంది. తక్కినవారు అమ్మినవాడి నుంచి డబ్బు రాబట్టుకోవాలే గాని మిషనును వెనక్కి తెచ్చుకోలేకపోవచ్చు. కాబట్టి తాళంచెవి అప్పగించడమంటే కేవలం ఇనుప ముక్క చేతిలో పెట్టడం కాదు. దేనికి అప్పగించారో కాగితం మీద రాసుకోవలసిన పని.

నడుస్తున్న వృత్తిని నిలబెట్టాలనుకునే వారసుడికి కూడా చట్టం ఒక దారి చూపింది. మరణించినవారు నడిపిన వ్యాపారం మొదటి తరగతి వారసులు ఇద్దరికో అంతకన్నా ఎక్కువమందికో సంక్రమించినప్పుడు, వారిలో ఒకరు తన వాటాను అమ్మదలిస్తే దాన్ని కొనే ప్రాధాన్య హక్కు తక్కిన వారసులకు ఉంటుందని హిందూ వారసత్వ చట్టం 22వ సెక్షను చెబుతోంది; ధర విషయంలో ఒప్పందం కుదరకపోతే న్యాయస్థానమే ధర నిర్ణయిస్తుంది. తండ్రి పని నేర్చిన బిడ్డ షెడ్డును నిలబెట్టుకోవడానికీ, వాటా కోరే తోబుట్టువు న్యాయమైన ధర పొందడానికీ ఇంతకన్నా మంచి నిబంధన లేదు. ముస్లిం కుటుంబాల్లో అంత్యక్రియల ఖర్చు, అప్పులు తీరిన తరువాత మిగిలిన దానిలో మూడోవంతుకు మించి, వారసుల సమ్మతి లేకుండా వీలునామా చెల్లదన్న సూత్రం ఉంది. అక్కడ సైతం మొదట తేలవలసింది ఏమున్నదన్నదే.

సామాను అమ్మగా వచ్చిన సొమ్ము ముందు ఎవరికి చెందాలో కూడా చట్టం వరుస కట్టింది. అంత్యక్రియలకు, ఆఖరి జబ్బు వైద్యానికి అయిన తగిన ఖర్చులు మొదట. ప్రొబేట్ లేదా లెటర్స్ పొందడానికి, ఆస్తి నిర్వహణకు అయిన ఖర్చులు తరువాత. ఆ వెంటనే, మరణానికి ముందు 3 నెలల్లో చేసిన పనికి కూలీలు, చేతిపనివారు, ఇంటి పనివారికి రావలసిన జీతాలు. ఆ తరువాత తక్కిన అప్పులు. భారత వారసత్వ చట్టం 322వ సెక్షను పనివారి జీతానికి ఇచ్చిన ఈ స్థానం ఆటోనగర్‌లో ఎక్కువమందికి తెలియదు. యజమాని పోయిన షెడ్డులో హెల్పరు, వెల్డరు తమ జీతం అడగడానికి మొహమాటపడి మరో షెడ్డు వెతుక్కుంటున్నారు. అప్పులవాళ్లు మాత్రం మొహమాటపడకుండా మిషను పట్టుకుపోతున్నారు. బ్యాంకుకు హామీగా ఉన్న మిషను విషయంలో బ్యాంకు హక్కు వేరుగా నిలుస్తుంది కాబట్టి, బ్యాంకు లిఖితపూర్వక సమ్మతి లేకుండా దాన్ని కదిలించరాదు. జీఎస్టీ నమోదు ఉన్న వ్యాపారమైతే, దాన్ని కొనసాగించినా, ఆపేసినా మరణించినవారి పన్ను బకాయికి వారసులు ఏ మేరకు బాధ్యులో 2017 నాటి కేంద్ర జీఎస్టీ చట్టం 93వ సెక్షను చెబుతోంది.

వాహనాలకు, నామినీలకు సంబంధించిన అపోహలు కూడా అమ్మకాల్లో చిక్కులు తెస్తున్నాయి. వాహన యజమాని మరణిస్తే, 30 రోజుల్లో రిజిస్ట్రేషను అధికారికి ఆ సంగతి తెలిపినవారు, వాహనాన్ని 3 నెలల పాటు తమకు బదిలీ అయినట్టుగానే నడుపుకోవచ్చునని, ఆలోగా పేరుమార్పుకు దరఖాస్తు చేసుకోవాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 56వ నియమం చెబుతోంది. లారీ పర్మిటుకు సైతం దాదాపు ఇదే గడువు ఉంది. పేరు మారకముందే ఉత్త సంతకాల కాగితాలతో లారీని చేతులు మార్చడం కొన్నవారిని, అమ్మినవారిని ఇద్దరినీ ఇరకాటంలో పెడుతుంది. ఇక నామినీ అంటే సొమ్ము పుచ్చుకునే హక్కున్నవాడే గాని దాని యజమాని కాదని షేర్ల విషయంలో 2023 డిసెంబరులో శక్తి యజ్దానీ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. నామినీగా పేరున్న కొడుకు ఆ పేరు చూపి తక్కినవారి వాటా కాదనలేడు.

జాబితా రాసి అమ్మడం ఓడరేవు నగరానికి కొత్త సంగతి కాకూడదు. సముద్రం మీద నావికుడు మరణిస్తే అతని సొమ్మును, సామానును ఓడ కెప్టెను స్వాధీనం చేసుకోవాలని, వాటి వివరాలను ఓడ అధికారిక దినచర్య పుస్తకంలో రాయాలని బ్రిటన్ 1894లో చేసిన వర్తక నౌకల చట్టం ఆదేశించింది. అవసరమని తోస్తే ఆ సామానును తెరచాప కొయ్య దగ్గర వేలం వేయవచ్చు గాని, అమ్మిన ప్రతి వస్తువు వర్ణన, దానికి వచ్చిన ధర, నావికుడికి రావలసిన జీతం అన్నీ ఆ పుస్తకంలో ఎక్కించి కెప్టెను సంతకం చేయాలి, సహాయాధికారి ఒకరు, నావికుడు ఒకరు సాక్షి సంతకం పెట్టాలి. ఇంటివారు వేల మైళ్ల దూరంలో ఉన్నా ఒక పెట్టె, ఒక కోటు, ఒక చాకు కూడా లెక్క తప్పిపోకూడదన్న ఆలోచన అందులో ఉంది. నెలల తరబడి నేల కనబడని ఓడ మీద సాధ్యమైన పని, గాజువాక నుంచి పిలిస్తే పలికే దూరంలో ఉన్న షెడ్డులో సాధ్యం కాకపోవడానికి కారణం లేదు.

తెలుగునేల మీద మరణానంతరం సామాను అమ్మకానికి అందరికీ తెలిసిన ఉదాహరణ ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఆభరణాలది. ఆయన 1950ల తొలినాళ్లలోనే వాటిని ట్రస్టులకు అప్పగించినందువల్ల అది ప్రొబేట్ వ్యవహారం కాలేదు గాని, 1967లో ఆయన మరణించిన తరువాత అమ్మకం, ధర, వారసుల వాటాలు దశాబ్దాలపాటు వివాదాల్లో నలిగి, చివరకు 1995లో భారత ప్రభుత్వం సుమారు 218 కోట్ల రూపాయలకు ఆ 173 ఆభరణాలను కొన్నది. వజ్రానికి తుప్పు పట్టదు. ఇరవై ఏళ్లు పెట్టెలో ఉన్నా దాని విలువ నిలుస్తుంది. లేత్‌కు ఆ ఓపిక లేదు. పెద్ద ఆస్తులకు న్యాయవాదులు, ట్రస్టీలు, విలువ కట్టే నిపుణులు దొరుకుతారు. చిన్న ఆస్తికే కాలం తక్కువ, తోడు తక్కువ. న్యాయసేవాధికార సంస్థ అవసరం ఉన్నది ఇటువంటి చోటనే.

దుఃఖంలో ఉన్న ఇంట్లో సామాను లెక్కపెట్టడం మర్యాద కాదని, అది ఒకరిమీద ఒకరు అనుమానపడటమేనని పెద్దలు అనడం సహజం. ఆ మాటను తోసిపుచ్చనక్కరలేదు గాని, దినకార్యాల వరసను గమనిస్తే దానికి జవాబు అందులోనే దొరుకుతుంది. పెద్దకర్మ నాటికి కూతుళ్లు, అల్లుళ్లు, మేనమామలు, వృత్తిలోని స్నేహితులు అందరూ ఒకచోట కలుస్తారు. అప్పులు ఎవరికి ఎంత, రావలసింది ఎక్కడ అన్న మాటలు ఎలాగూ ఆ రోజే నడుస్తాయి. ఎక్కువసార్లు మిషను ఎవరికి అమ్మాలన్న నోటిమాట కూడా అక్కడే పడిపోతుంది. మరణించిన 7 రోజుల లోపు ప్రొబేట్, 14 రోజుల లోపు లెటర్స్ ఇవ్వకూడదని భారత వారసత్వ చట్టంలోని 293వ సెక్షను చెబుతోంది. అంటే చట్టం కూడా ఆ రోజులను దుఃఖానికి, సర్దుకోవడానికి విడిచిపెట్టింది. ఆ రోజుల్లో అమ్మకం మాట వాయిదా వేసి, అందరూ చూస్తుండగా జాబితా మాత్రం రాసుకుంటే, అది అనుమానానికి గుర్తు కాదు. రేపు ఎవరూ ఎవరినీ అనుమానించనక్కరలేని ఏర్పాటు.

ఈ కారణాలన్నిటి దృష్ట్యా తమ సంస్థ ఆటోనగర్ కోసం ఈ కింది ఏర్పాట్లు పరిశీలించాలని విన్నపం.

1. యజమాని మరణించిన షెడ్డుకు, కుటుంబం కోరితే, నెలలోపు ఒక ప్యానెల్ న్యాయవాది, ఒక పారాలీగల్ వాలంటీరు వెళ్లి తెలుగులో జాబితా రాయించాలి. సొంత సామాను, ఖాతాదారుల సామాను, బ్యాంకుకు హామీగా ఉన్నది, పనివారిది అని నాలుగు భాగాలుగా, మిషను నంబరు, స్థితి, ఫోటోతో సహా రాసి, వారసులందరి సంతకాలు తీసుకుని, ప్రతి ఒక్కరికీ నకలు ఇవ్వాలి. స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసేవ పొందే హక్కును 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షను ఇప్పటికే ఇచ్చింది కాబట్టి, భర్తను పోగొట్టుకున్న భార్య దీనికి అర్హురాలా అన్న సందేహం తలెత్తదు.

2. విలువ కట్టడానికి అనుభవజ్ఞులైన టర్నర్లు, మెకానిక్కులు, కంచరపాలెం ప్రభుత్వ ఐటీఐ వంటి సంస్థల బోధకుల పేర్లతో ఒక పట్టిక సిద్ధం చేయాలి. కొనదలచినవారికి ఆ పట్టికలో చోటు ఉండకూడదు. ప్రతి మిషనుకు నడుస్తున్న స్థితిలో ధర, తుక్కు ధర అని రెండూ రాయాలి. ఆ రెంటి మధ్య తేడా చూసినప్పుడే కుటుంబం ఏ తొందరలో ఏమి పోగొట్టుకుంటున్నదో గ్రహించగలుగుతుంది.

3. వారసులు ఒప్పుకున్న అమ్మకాలను, వాటాలను వ్యాజ్యానికి ముందే లోక్ అదాలత్‌లో నమోదు చేయించాలి. లోక్ అదాలత్ ఇచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానమని చట్టం చెబుతోంది కాబట్టి, కొన్నవారికీ అమ్మినవారికీ భరోసా దొరుకుతుంది. వీలునామా నిజమైనదా కాదా అన్నది మాత్రం ప్రొబేట్ న్యాయస్థానమే తేల్చాలని, మధ్యవర్తి తేల్చలేడని 1993లో చిరంజీలాల్ గోయెంకా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ హద్దును జాబితా పత్రం మీదనే స్పష్టంగా అచ్చువేయాలి.

4. అమ్మకం సొమ్ము ఏ ఒక్కరి సొంత ఖాతాలోనూ పడకుండా, వారసులందరి సంతకాలతో మాత్రమే తీయగల ఉమ్మడి ఖాతాలో జమ కావాలి. మొదటి చెల్లింపుల్లోనే పనివారి 3 నెలల జీతబాకీ ఉండాలి. మైనరు వాటాను విడిగా డిపాజిట్ చేయాలి.

5. వివాదం తప్పనప్పుడు చట్టంలో ఉన్న తక్షణ మార్గాలను ప్రజలకు తెలియజేసే ఒక తెలుగు కరపత్రం న్యాయస్థానం దాఖలు కౌంటరు దగ్గర, ఆటోనగర్‌లోని ఏపీఐఐసీ కార్యాలయం దగ్గర అందుబాటులో ఉండాలి. ఆస్తిని ఎవరైనా అన్యాయంగా స్వాధీనం చేసుకున్నప్పుడు భారత వారసత్వ చట్టం 192వ సెక్షను కింద దరఖాస్తు పెట్టవచ్చునని, సామాను రక్షణకు క్యూరేటరును, అంటే తాత్కాలిక సంరక్షకుడిని న్యాయస్థానం నియమించవచ్చునని, ఆ దరఖాస్తు మరణించిన 6 నెలల్లోపే పెట్టాలని చాలామందికి తెలియదు. వీలునామా మీద వ్యాజ్యం నడుస్తున్నప్పుడు 247వ సెక్షను కింద నియమితుడయ్యే అడ్మినిస్ట్రేటర్ ఆస్తిని పంచలేడు గాని, న్యాయస్థానం అదుపులో నిర్వహించగలడు. పాడైపోయే సామానును అతని ద్వారా అమ్మి సొమ్మును భద్రపరచడమే ఆ నిబంధనకు తగిన ప్రయోజనం. సామాను రోజురోజుకూ విలువ కోల్పోతున్నదని దరఖాస్తులోనే ఆధారంతో చూపినప్పుడు, అటువంటి వాటిని విచారణలో ముందుకు తేవడం తమ విచక్షణకు వదిలిన విషయం.

ఈ ఏర్పాట్లకు కొత్త చట్టం అక్కరలేదు, కొత్త పదవీ అక్కరలేదు. తక్కిన భారం ఆటోనగర్ మీదే ఉంది. బతికి ఉన్న ప్రతి యజమాని తన షెడ్డులో ఏది తనది, ఏది ఇతరులది, ఎవరికి ఎంత బాకీ అన్నది ఒక పుస్తకంలో రాసి ఇంట్లోవారికి చూపించాలి. వీలునామా రాస్తే ఇద్దరు సాక్షుల సంతకాలతో రాసి, ఎగ్జిక్యూటర్‌గా ఎవరుండాలో పేరు పెట్టాలి. వాహనం రిజిస్ట్రేషను పత్రంలో నామినీ పేరు నమోదు చేసుకునే వీలు 2021 నుంచి ఉన్నందున దాన్ని వాడుకోవాలి. పక్క షెడ్డులోని తోటి యజమానులు, మరణించిన నెలలోనే మిషను కొంటామని ఇంటికి పోయే ముందు, జాబితా అయిందా అని అడగడం అలవాటు చేసుకోవాలి. తుక్కు వ్యాపారులు వారసులందరి సంతకాలు లేని సరుకును తూకానికి ఎక్కించకుండా ఉండగలిగితే, వారు తమను తాము వ్యాజ్యాల నుంచి కాపాడుకున్నవారు కూడా అవుతారు.

ఉక్కునగరంలో ఒక పనివాడు ముప్పై ఏళ్లు ఇనుముతో సంపాదించినది ఇనుము రూపంలోనే తన పిల్లలకు వదిలిపోతాడు. దాని విలువలో పెద్ద భాగం మంచి అమ్మకంలో ఉంది, మంచి అమ్మకానికి మొదటి మెట్టు నిజమైన జాబితా. ఆ జాబితాను రాయించే చేయి ప్రభుత్వ న్యాయసేవదై ఉండాలని, ఆటోనగర్‌లో ఒక బ్లాకులోనైనా ఈ ఏర్పాటును ఈ సంవత్సరమే ప్రారంభించి, దాని ఫలితాన్ని చూసి తక్కిన పారిశ్రామికవాడలకు విస్తరించాలని తమ సన్నిధికి సవినయంగా విన్నవించడమైనది.

ఇట్లు,
ఆటోనగర్ మేలు కోరే పౌరుడు,
విశాఖపట్నం